టైరు మీద చెయ్యి పెట్టి

ఆదోని టైరు చాచా పోయాడని నాకు చెప్పింది బస్సు కండక్టరు. టిక్కెట్టు చింపి చేతిలో పెడుతూ, "తెలుసా సార్, ఎమ్మిగనూరు రోడ్డులో టైర్ల ముసలాయన పోయినాడంట. పీడ పోయిందిలెండి. మీ అన్నను మింగింది ఆయప్ప ఇచ్చిన టైర్లే గదా" అన్నాడు. నన్ను ఓదార్చాలనే అన్నాడు పాపం. నేను టిక్కెట్టు జేబులో పెట్టుకొని కిటికీ వైపు తిరిగాను. ఏడేళ్లుగా ఈ మాట వినడం, కిటికీ వైపు తిరగడం నాకు అలవాటైపోయింది. నోరు తెరవాల్సిన చోట మూసుకోవడంలో నన్ను మించినవాడు కర్నూలు జిల్లాలో లేడు. బడిలో మాత్రం పిల్లలకు సత్యం గురించి తెగ చెబుతాను. అయివారిని కదా మరి.

ఆయన దుకాణం ఆదోనిలో ఎమ్మిగనూరు రోడ్డు మొదట్లో, పత్తిమిల్లు గోడ దాటగానే ఉండేది. రేకుల కప్పు, రాతి గోడలు, ముందర నేలలో పరిచిన పెద్ద నల్లబండ. మనిషి పొడుగు. గళ్ల లుంగీ, ఎంత తోమినా రబ్బరు నలుపు వదలని అరచేతులు. ఎవరితో మాట్లాడినా మొహం చూసేవాడు కాదు, కాళ్లు చూసేవాడు. "ఎడమ సెప్పు ముందర అరిగిపోయింది. క్లచ్చు మీద కాలు తియ్యకుండా నడుపుతాండావు" అని డ్రైవర్లను తిట్టేవాడు. నన్ను మొదటిసారి చూసినప్పుడు నా పేరైనా అడగలేదు. "కుడి మోకాలు నొప్పా అయివారూ? సెప్పు లోపలికి అరిగింది" అన్నాడు. నొప్పి ఉన్నమాట నిజమే. మా ఇంట్లోవాళ్లకు కూడా నేను చెప్పలేదు.

టైర్ల దుకాణాల్లో బెంచీ ఉండదు, వచ్చినవాళ్లు ఏదో ఒక టైరు మీద కూర్చుంటారు. ఈయన దగ్గర ఎవరైనా అలా కూర్చోబోతే చర్రుమని లేచేవాడు. "పని సేసేటప్పుడు ఎట్లాగూ మోస్తాది. ఊరకున్నప్పుడు గూడా నిన్ను మొయ్యాల్నా?" అనేవాడు. తాను నిలబడే టీ తాగేవాడు. ఎప్పుడైనా బస్సెక్కాల్సి వస్తే ముందు బస్సు చుట్టూ తిరిగి ఒక్కొక్క టైరునూ అరచేత్తో తట్టి, ఆ తర్వాతే మెట్టు మీద కాలు పెట్టేవాడు. కండక్టరు విజిల్ ఊదీ ఊదీ అలసిపోయేవాడు. ఎక్కినవాళ్లు కిటికీల్లోంచి నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను.

కొత్త టైర్లు కావాలని వచ్చినవాళ్లను ఆయన మొదట అడిగే మాట ఒకటే. "బండి నిండుగా వచ్చిందా?" ఖాళీ బండికి టైరు చెప్పేవాడు కాదు. రోజూ ఎంత బరువుతో తిరుగుతుందో అంత బరువుతో తేవాలి. నల్లబండ మీద పొడి సున్నం చల్లి, బండిని దాని మీద మెల్లగా నడిపించేవాడు. సున్నంలో పడిన అచ్చు పక్కన గొంతుకూర్చొని నాలుగు వేళ్లు ఆనించేవాడు. అచ్చు నాలుగు వేళ్లలోపు ఉంటే కారు టైరు. దాటితే చిన్న లారీలకు వేసే లోడు టైరు. కారు టైరు నాలుగు పొరలది, మెత్తనిది, గుంతలో పడినా కడుపులో చల్ల కదలదు. లోడు టైరు ఎనిమిది పొరలది. సైడు గట్టిగా ఉంటుంది, గాలి ఎక్కువ పట్టాలి, బండి ఖాళీగా పోతే నడుములు విరుగుతాయి. "మెత్తంది మనిషికి, గట్టిది బరువుకు. రెండూ కావాలంటే రెండు బండ్లు కొనుక్కో" అనేవాడు. ఒకసారి ఒక పెళ్లివాళ్ల వ్యానును పెళ్లికూతురితో సహా తెప్పించి, అందరినీ కూర్చోబెట్టి బండ మీద నడిపించాడు. పెళ్లికూతురి తండ్రి పళ్లు కొరుక్కుంటూ నిలబడ్డాడు.

అక్కడితో అయిపోదు. టైరు బిగించే ముందు బండి తెచ్చినవాడు దాని మీద అరచెయ్యి పెట్టి, ఏమి మోయించబోతున్నాడో పైకి చెప్పాలి. కొందరు సిగ్గుపడుతూ, కొందరు ఎగతాళిగా చెప్పేవాళ్లు. చెప్పగానే చాచా టైరు వైపు వంగి, పక్కమనిషిని అడిగినట్టు మెల్లగా అడిగేవాడు. "ఇన్నావా?"

కొత్తవాళ్లు ఇక్కడ పకపకా నవ్వేవాళ్లు. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయేది. ఎందుకంటే ఆయన అడిగి ఊరుకునేవాడు కాదు, జవాబు కోసం ఆగేవాడు. తల ఒకవైపు వాల్చి, రెండు మూడు ఊపిరులు తీసేంత సేపు వినేవాడు. ఆ తర్వాత తల ఊపి పానా అందుకునేవాడు. "అది ఏమంది చాచా?" అని ఒకసారి అడిగాను. "నీకు సెప్పేదైతే నీకే సెప్తాది" అన్నాడు.

దుకాణం వెనక గోడకు వరసగా మేకులుండేవి. వాటికి పగిలిన టైర్లు, కంపెనీ పేరున్న వైపు గోడకు తిప్పి తగిలించి ఉండేవి. ఏ బండి టైరు పగిలి మనిషి పోయాడో, ఆ టైరు అడిగి తెచ్చుకొని అక్కడ పెట్టేవాడు. శుక్రవారం మధ్యాహ్నం నమాజు చేసుకొని వచ్చి, కొయ్యసుత్తితో ఒక్కొక్క దాన్నీ ఒక్కొక్క దెబ్బ కొట్టేవాడు. మామూలు పాత టైరును కొడితే టప్పుమని సుత్తి పైకి లేస్తుంది. అక్కడున్నవాటిలో కొన్ని దుబ్బుమనేవి. రిమ్ము లేదు, ట్యూబు లేదు, గాలి లేదు, మేకుకు వేలాడుతున్న చచ్చిన రబ్బరు. అయినా నిండు లోడు కింద ఉన్న టైరు ఎలా మోగుతుందో అలా మోగేది. నా చెవులతో నేను విన్నాను.

"బరువు ఇంకా దిగలేదు" అనేవాడు ఆయన, వర్షం ఇంకా రాలేదు అన్నంత మామూలుగా.

మొదటి మేకుకు ఉన్నది ఎప్పుడూ దుబ్బుమనేదే. దాని సంగతి ఆయన నాకు ఒక్కసారే చెప్పాడు. ఆయన భార్య కౌతాళంలో దర్గాకు పోతూ ఎక్కిన వ్యానుకు టైర్లు ఇచ్చింది ఈయనే. "వాడు సెయ్యి పెట్టి మనుషులే అన్నాడు అయివారూ. సీట్ల కింద ఇనుము ఏసుకున్నాడు. నేను కారు టైర్లిస్తి." చెప్పేటప్పుడు నా కాళ్లు కూడా చూడలేదు. ఆ టైరు వైపే చూశాడు.

ఇక మా సంగతి. డెబ్బైల చివర్లో మా అన్న, నేను కలిసి ఒక పాత వ్యాను కొన్నాం. అన్న నడిపేవాడు, నేను సెలవుల్లో పక్కన కూర్చొని పెత్తనం చేసేవాణ్ని. మా ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి మనుషులను చేరవేసేవాడు. ఒట్టి మనుషులతో గిట్టుబాటు కాక, పెద్దకడుబూరు వైపు నుంచి శెనక్కాయ మూటలు మిల్లులకు తోలేవాడు. ఆ మూటల సంగతి అన్నకు తెలుసు, నాకు తెలుసు. వెనక టైర్లు అరిగిపోయాయి. లోడు టైర్లు వేస్తే జనం ఎక్కరని అన్న భయం. మంత్రాలయం పోయే ముసలమ్మలు ఒకసారి నడుం పట్టేస్తే రెండోసారి ఆ బండి మొహం చూడరు. ఎదురుగా ఇంకో వ్యాను మెత్తటి టైర్లతో ఊరేగుతోంది.

"ఇంట్లో వాళ్లందర్నీ ఎక్కించుకొని పోదాంరా. ముసలాయన సున్నం బండ మీద అచ్చు సన్నగా పడతాది. కారు టైర్లే ఇస్తాడు" అన్నాడు అన్న.

అలాగే పోయాం. వదిన, పిల్లలు, మా అత్త, అందరూ కొత్త బట్టలు కట్టుకొని జాతరకు పోయినట్టు కూర్చున్నారు. అచ్చు నాలుగు వేళ్లలోపే పడింది. చాచా లేచి, విప్పిన పాత టైర్లలో ఒకదాన్ని దొర్లించుకొచ్చి, దాని గాడుల్లో గోరు పెట్టి ఏదో పెకలించాడు. శెనక్కాయ పొట్టు.

"ఇది ఏందప్పా? మనుషులు కాయలు తిని పొట్టు తెచ్చి టైర్లో కుక్కినారా?"

అన్న గట్టిగా నవ్వేశాడు. "రోడ్డు మీద పడింటాది చాచా. ఆదోనిలో యాడ సూసినా కాయల మిల్లులే గదా."

చాచా నవ్వలేదు. అన్నను వదిలేసి నా చెప్పుల వైపు తిరిగాడు. "నువ్వు రా. అయివారివి, నీకు అబద్ధం రాదు. సెయ్యి పెట్టి సెప్పు."

టైరు ఎండలో ఉండి వెచ్చగా ఉంది. చెయ్యి పెట్టాను. వదిన కిటికీలోంచి నా వైపే చూస్తోంది. అన్న వేరే వైపు చూస్తున్నాడు.

"మనుషులే చాచా."

"ఇన్నావా?" అన్నాడు ఆయన టైరుతో.

ఆ రోజు ఆయన మామూలు కన్నా ఎక్కువ సేపు విన్నాడు. తల ఊపలేదు. పానా అందుకొని నాలుగు పొరల టైర్లు బిగించాడు. ఇంటికి వచ్చేదాకా అన్న నన్ను పొగుడుతూనే ఉన్నాడు. నా అరచెయ్యి మాత్రం రెండు రోజులు వెచ్చగానే ఉంది. ఎండ వేడి అనుకున్నాను.

మరుసటి ఏడు ఎండాకాలం సెలవులు. ఒక శుక్రవారం అన్నతో కలిసి ఆదోనికి వచ్చాను. అన్న నన్ను దింపి, "పెద్దకడుబూరుకు పోయి మూటలేసుకొని వస్తా. చాచా కాడ కూర్చో, పోయేటప్పుడు ఎక్కించుకుంటా" అన్నాడు. చాచా దగ్గర కూర్చోవడం ఎక్కడిది, నిలబడ్డాను. ఆయన నమాజు నుంచి వచ్చి సుత్తి తీసుకున్నాడు. మొదటిది దుబ్బుమంది. రెండోది టప్పుమంది. అలా వరస చివరికి వచ్చాడు. చివర్న ఒక మేకు ఖాళీగా ఉండేది. ప్రతి శుక్రవారం దాని దగ్గరికి రాగానే సుత్తి పక్కన పెట్టేసేవాడు.

ఆ రోజు పెట్టలేదు. ఖాళీ మేకు కింద ఒట్టి గోడకు చెవి ఆనించాడు. తర్వాత అక్కడే ఒక దెబ్బ కొట్టాడు. రాతి గోడ టక్కుమనాలి. దుబ్బుమంది.

మళ్లీ కొట్టాడు. మళ్లీ దుబ్బు. బయట రోడ్డు మీద ఎండ భగభగలాడుతోంది, ఎవరో ఎద్దులను అదిలిస్తున్నారు, పక్క హోటల్లో గ్లాసులు కడుగుతున్నారు.

"మీ అన్న యాడ?" అన్నాడు. మొట్టమొదటిసారి నా మొహంలోకి చూసి అడిగాడు.

"పెద్దకడుబూరుకు పోయినాడు."

"ఏమి తెచ్చేదానికి? మిల్లులో ఫోనుంది. పెద్దకడుబూరు పోస్టాఫీసుకు సేస్తాం. బండి కదలద్దని సెప్పిస్తాం. ఏమి తెచ్చేదానికి పోయినాడు, సెప్పు."

అప్పుడు చెప్పి ఉండాల్సింది. ఒక్క మాట. కానీ మూటలని చెబితే, ఏడాది కిందట చెయ్యి పెట్టి చెప్పింది అబద్ధమని ఒప్పుకోవాలి. అయివారు అబద్ధమాడాడని ఆ ముసలాయన ముందు తేలిపోవాలి. నాకు అదే కనపడింది. అన్న కనపడలేదు. ఛీ, నా బతుకు!

"మనుషుల్ని ఎక్కించుకొచ్చేదానికే చాచా" అన్నాను.

ఆయన నన్ను నమ్మాలో గోడను నమ్మాలో తెలియక సుత్తి పట్టుకొని చాలాసేపు అలాగే నిలబడ్డాడు. చివరికి నన్నే నమ్మాడు. నాకు టీ తెప్పించాడు. ఆ టీ నేను తాగాను కూడా.

సాయంత్రం కాకముందే కబురు వచ్చింది. పెద్దకడుబూరు దాటిన తర్వాత మలుపులో వెనక ఎడమ టైరు పగిలి వ్యాను పల్టీ కొట్టింది. మా అన్న అక్కడికక్కడే పోయాడు. మూటలు పగిలి రోడ్డు పొడవునా కాయలు చిందాయట. జనం ఏరుకొని పోయారు కాబట్టి మూటల సంగతి ఎమ్మిగనూరు దాకా రాలేదు. టైరు పగిలిన సంగతి మాత్రం వచ్చింది.

మరునాడు మా ఇంట్లో వదిన గుండెలు బాదుకుంటూ అరిచింది. "ఆ సాయిబు పాత టైర్లు అంటగట్టి నా మొగుణ్ణి సంపినాడమ్మా!" ఇల్లు నిండా జనం. ఆ మాట అనే సమయానికే చాచా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన నా పాదాల వైపు చూశాడు. చెప్పులు లేని ఒట్టి పాదాలు. నేను నోరు తెరిచి ఒక్క మాటంటే అయిపోయేది. తెరవలేదు. ఆయన వదినతో గానీ, జనంతో గానీ తన తప్పేమీ లేదని అనలేదు.

"ఆ పగిలిన టైరు నాకిస్తారా?" అని మాత్రం అడిగాడు. భుజాన వేసుకొని బస్టాండుకు పోయి, బస్సు చుట్టూ తిరిగి టైర్లు తట్టి ఎక్కాడట. ఈసారి ఎవరూ నవ్వలేదట, ఉమ్మేశారట.

ఆ తర్వాత ఆయన దుకాణానికి బండ్లు రావడం తగ్గిపోయింది. నల్లబండ మీద సున్నం కంటే దుమ్మే ఎక్కువ కనపడేది. నేను ఒక్కసారి పోయాను. అన్న టైరు ఆఖరి మేకుకు, పేరు గోడకు తిప్పి ఉంది. చాచా కొయ్యసుత్తి నా చేతికిచ్చి "కొట్టు" అన్నాడు. కొట్టాను. దుబ్బుమంది. మణికట్టు దాకా బరువు తగిలింది.

"ఎప్పుడు దిగుతాది చాచా?"

"నన్నడుగుతాండావా? సెయ్యి పెట్టింది నువ్వు గదా" అన్నాడు. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. అంటే ఆయనకు తెలుసు. నేను సుత్తి అక్కడే పడేసి వచ్చేశాను. ఏడేళ్లు ఆ దుకాణం వైపు కాలు పెట్టలేదు, బస్టాండు నుంచి చుట్టు తిరిగి పోయేవాణ్ని.

మొన్న కండక్టరు మాట విన్నాక పోయాను. గూడూరు నుంచి వచ్చిన ఆయన మేనల్లుడు దుకాణం ఖాళీ చేస్తున్నాడు. పాత టైర్లన్నీ చెప్పులు కోసేవాళ్లకు ఇచ్చేస్తున్నాడు. వెనక గోడవి ఇంకా దించలేదు.

"వాటిని ముట్టుకోవాలంటే నాకే ఒక మాదిరిగా ఉంది సార్" అన్నాడు. "మామ పోయే ముందర శుక్రవారం, ఆ మొదటి టైరు ముందర కూలబడి సెయ్యి పెట్టి గట్టిగా సెప్పినాడు. 'వాడు మనుషులే అన్నాడని ఇన్నేండ్లు అందరికీ సెప్తి. వాడేమీ అనలేదు. నేను అసలు అడగనేలేదు' అని. ఇన్నావా, ఇన్నావా అని రెండుసార్లు అడిగినాడు. లేచి సుత్తితో కొట్టినాడు. కొట్టి నవ్వినాడు సార్. మా మామ నవ్వంగా నేను యాపొద్దూ సూళ్లేదు."

సుత్తి తీసుకొని మొదటి టైరును కొట్టాను. టప్పుమని చేతిలోంచి లేచిపోయినంత పనైంది. ఒట్టి రబ్బరు.

ఆఖరిదాన్ని కొట్టాను. దుబ్బు.

ఆ టైరూ, సుత్తీ అడిగి తెచ్చుకున్నాను. బస్సు చుట్టూ తిరిగి టైర్లు తట్టి ఎక్కాను. "మీరు గూడానా సార్!" అన్నాడు ఆ కండక్టరే. ఇంటికి పోయి టైరును వదిన ముందర దొర్లించాను. ఇది ఏమిటని ఆమె అడగలేదు, చూడగానే గుర్తుపట్టింది. చెయ్యి పెట్టి మొత్తం చెప్పాను. సున్నం బండ కాడ చెప్పిన అబద్ధం, ఖాళీ మేకు కాడ చెప్పిన అబద్ధం, తాగిన టీతో సహా. తిడుతుందనుకున్నాను, కొడుతుందని కూడా అనుకున్నాను.

వదిన కిందికి వంగి తన చెయ్యి కూడా టైరు మీద పెట్టింది.

"మూటలు కుట్టింది ఎవురనుకున్నావు?" అంది. "ముందు రోజు మీ అన్నతో పోయి ఆ గోతాల మూతులన్నీ నేనే కుట్టి వస్తి. ఆయప్ప మీద యాల పడినానో నీకు తెల్దా? నా మీద నేను పడలేక."

ఇద్దరం ఏడ్చాం. ఏడేళ్ల ఏడుపు అది. తర్వాత ఆమే సుత్తి తీసుకొని కొట్టింది. దుబ్బుమంది. ముందుకంటే గట్టిగా.

వదిన సుత్తి కింద పెట్టింది. "ఇది మీ అన్న బరువు కాదులేప్పా. ఆ ముసలాయన్ది. ఊరంతా కలిసి నింద ఆయన మీద ఏసినాం గదా. ఇంట్లో మనిద్దరం సెప్పుకుంటే ఎట్లా దిగుతాది? ఊరందరికీ సెప్పాల. నువ్వు సదువుకున్నోనివి, రాయి" అంది.

అందుకే రాస్తున్నాను. కుడిచేత్తో రాస్తూ, ఎడమ చెయ్యి టైరు మీద పెట్టి రాస్తున్నాను. ఆ వ్యానుకు కారు టైర్లు ఇప్పించుకున్నది మేము. అందులో మూటలు వేసింది మేము. ఆయన అడిగాడు, రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ నేను అబద్ధం చెప్పాను. ఆ టైర్లలో గానీ, ఆయనలో గానీ ఏ తప్పూ లేదు.

ఇన్నావా?

రబ్బరు వెచ్చగా ఉంది. రేపు శుక్రవారం.